పోయేదాన్ని లెక్కగట్టే చదువు
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీలో సోషియాలజీయో, ఆంత్రోపాలజీయో తీసుకుంటామంటే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న, "దాంతో ఏం ఉద్యోగం వస్తుంది?" అని. దానికి జవాబుగా ఈరోజు మేము ఒక సామాజిక శాస్త్రవేత్త చేసిన పని గురించి చెప్పదలచుకున్నాం. ఆయన పేరు మైఖేల్ చెర్నియా.

ఆయన 1931లో రొమేనియాలో పుట్టారు. అక్కడే సామాజిక పరిశోధకుడిగా పనిచేసి, 1974లో ప్రపంచ బ్యాంకులో చేరారు. ఆ బ్యాంకు ఉద్యోగంలోకి తీసుకున్న మొదటి సోషియాలజిస్టు ఆయనే. అప్పట్లో అక్కడ ఆర్థికవేత్తలదీ, ఇంజినీర్లదీ పైచేయి. డ్యాం ఎంత ఎత్తు, ఎన్ని ఎకరాలు పారుతుంది, ఎంత కరెంటు వస్తుంది అన్న లెక్కలు పక్కాగా ఉండేవి. మునిగే ఊళ్ల మనుషుల లెక్క మాత్రం పరిహారం దగ్గరే ఆగిపోయేది.

చెర్నియా ఆ లెక్కను మార్చే పని పెట్టుకున్నారు. నిర్వాసితుల పునరావాసంపై 1980లో ప్రపంచ బ్యాంకు తెచ్చిన మొదటి విధానం వెనుక ముఖ్యమైన కృషి ఆయనదే. తర్వాత ఎన్నో దేశాల నిర్వాసితుల అనుభవాలను పోల్చి చూసి, ఊరు కదిలిస్తే మనిషి పేదవాడయ్యే దారులు ఎనిమిది అని తేల్చారు. భూమి పోవడం. పని పోవడం. ఇల్లు పోవడం. నలుగురిలో స్థాయి పడిపోవడం. తిండికి కరువు రావడం. జబ్బులు, చావులు పెరగడం. ఉమ్మడి వనరులు చేజారడం. చుట్టరికాల అల్లిక చెదిరిపోవడం.

వీటిలో చివరి రెండూ మనకు బాగా తెలుసు. అడవిలో ఏరుకునే ఇప్పపువ్వుకు, తునికాకుకు, చింతపండుకు ఎవరి పేరనా పట్టా ఉండదు. పట్టా లేనిదానికి పరిహారం రాదు. ఒక ఊరివాళ్లను నాలుగు కాలనీల్లో సర్దితే భూమి పండుగ ఎవరితో చేసుకోవాలి, చావుకు ఎవరు మోయాలి? ఈ నష్టం మన పెద్దలందరికీ తెలిసిందే. దాన్ని కాగితం మీద, అధికారులు కాదనలేని భాషలో పెట్టడమే చెర్నియా చేసిన పని. డబ్బు చేతిలో పెడితే సరిపోదని, ఈ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తిరిగి నిలబెట్టాలని ఆయన వాదించారు.

అయితే, కాగితం మీద విధానం ఉన్నంత మాత్రాన ఊరు నిలబడదు. సర్దార్ సరోవర్ డ్యాంకు బ్యాంకు 1985లో అప్పు మంజూరు చేసింది. అప్పటికి ఆ విధానం వచ్చి ఐదేళ్లయింది. అయినా నర్మదా లోయలోని ఆదివాసులు ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. బ్యాంకే వేసిన మోర్స్ కమిటీ 1992లో పునరావాసంలోని లోపాలను ఎత్తిచూపింది. మరుసటి ఏడాది మిగిలిన అప్పు వద్దని భారత ప్రభుత్వం చెప్పింది. లోయలో జనం కదలకపోతే ఆఫీసులో ఉన్న నిబంధన నిద్రపోతుంది. నిబంధన లేకపోతే జనం పట్టుకుని అడగడానికి ఆధారం ఉండదు. రెండూ కావాలి.

ఇక మన గోదావరి దగ్గరికి వద్దాం. పోలవరం ముంపులో కోయలు, కొండరెడ్లు ఊళ్లకు ఊళ్లే వదలాల్సి వస్తోంది. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అధ్యయనం ఉంది, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ సమ్మతి ఉంది. ఇలాంటి అధ్యయనాలు రాసేవాళ్లలో మన భాష తెలిసినవాళ్లు ఎంతమంది? ఇల్లు ఎన్ని గదులని అడిగేవాళ్లు చాలామంది వస్తారు. ఏ నెలలో ఏ దుంప తింటారు, ఏ వేల్పు ఎక్కడుంటాడని అడగాలంటే మనవాళ్లే కావాలి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ చదువును చిన్నచూపు చూడకండి. చదవండి, పరిశోధన చేయండి, అవకాశం వస్తే అంతర్జాతీయ సంస్థల్లోనూ చేరండి. అంతవరకూ ఆగనక్కర్లేదు కూడా. ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకుని, ఆ ఎనిమిదీ తలకట్టులుగా రాసుకుని, మీ ఊరికి ఏమేం ఉన్నాయో అవ్వలను, తాతలను అడిగి నింపండి. ఉన్నది రాసిపెట్టుకున్నవాడే, పోయిన రోజున లెక్క అడగగలడు.

జై ఆదివాసీ.