చెడిపోయిన ప్రింటరు, తప్పు రాసిన మాట

(సైబర్ భద్రత అవగాహన మాసం సందర్భంగా ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత సీనియర్ మేనేజరు చేసిన ప్రసంగ పాఠం)



సైబర్ భద్రత గురించి మాట్లాడమని ఏజీఎం గారు ఫోను చేసినప్పుడు, “సార్, నేను లెడ్జర్ల కాలం మనిషిని, కంప్యూటర్ల సంగతి నాకేం తెలుసు?” అన్నాను. “అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాను” అన్నారాయన. ఆ మాటకు అర్థం ఇక్కడికి వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. బహుశా ఇది కావచ్చు. ఆ రోజుల్లో పది పైసల తేడా వచ్చినా, అది దొరికేదాకా రాత్రి ఎంత పొద్దుపోయినా ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. చిన్న తేడాను చిన్నదని వదిలెయ్యకపోవడం ఒక్కటే నాకు తెలిసిన భద్రత. ఇవాళ దాని గురించే చెబుతాను.

ముందుగా మన పొరుగు దేశం కథ ఒకటి వినండి. 2016 ఫిబ్రవరి 5, శుక్రవారం. ఢాకాలో బంగ్లాదేశ్ బ్యాంకు, అంటే ఆ దేశానికి మన రిజర్వు బ్యాంకు లాంటిది. అక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. డ్యూటీ మీద వచ్చిన అధికారులు ఒక గదిలోకి వెళ్ళి చూస్తే, రాత్రీ పగలూ తనంతట తానే కాగితాలు అచ్చు వేయాల్సిన ప్రింటరు ఆగిపోయి ఉంది. “ఇదివరకూ ఇలాగే మొరాయించింది కదా, తర్వాత చూద్దాం” అనుకున్నారు. మనం మాత్రం ఏమనుకునేవాళ్ళం?

ఆ ప్రింటరు పని ఏమిటో ఇంట్లోవాళ్ళ కోసం చెప్పాలి. స్విఫ్ట్ అనే పేరు మీరు వినే ఉంటారు. బెల్జియంలో 1973లో పుట్టిన సంస్థ, బ్యాంకులే దాని యజమానులు. స్విఫ్ట్ డబ్బు మొయ్యదు, ఉత్తరం మోస్తుంది. “నా ఖాతాలోంచి ఫలానావారికి ఇంత ఇవ్వండి” అనే ఉత్తరం. పాతవాళ్ళకు టీటీలు గుర్తుండే ఉంటాయి. తంతి వస్తే అందులోని టెస్ట్ నంబరును కోడు పుస్తకంతో సరిచూశాకే డబ్బు ఇచ్చేవాళ్ళం. ఆ పుస్తకం తాళం వేసిన సొరుగులో ఉండేది. స్విఫ్ట్‌కు కూడా అలాంటి తాళాలే ఉన్నాయి, కాకపోతే అవి కంప్యూటరులో ఉంటాయి. ఢాకాలో ఆ తాళాలు దొంగల చేతికి చిక్కాయి. వెళ్ళిన ప్రతి ఉత్తరానికీ నకలు తీయాల్సిన ప్రింటరును కూడా వాళ్ళే నిలిపేశారు.

గురువారం రాత్రి బంగ్లాదేశ్ బ్యాంకు పేరుతో న్యూయార్కులోని ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు 35 ఉత్తరాలు వెళ్ళాయి. అడిగిన మొత్తం సుమారు 95 కోట్ల డాలర్లు. దొంగల తెలివి కంప్యూటరులో కంటే క్యాలెండరులో ఎక్కువ కనిపిస్తుంది. శుక్ర, శనివారాలు ఢాకాకు సెలవు. శనివారం ప్రింటరు మళ్ళీ పనిచేసి, న్యూయార్కు అడిగిన ప్రశ్నలు బయటికొచ్చి, వీళ్ళు కంగారుపడేసరికి అక్కడ వారాంతం మొదలైంది. సోమవారం డబ్బు ఆపమని మనీలాకు సందేశం పంపితే, ఆ రోజు అక్కడ చైనీయుల కొత్త సంవత్సరం సెలవు. మంగళవారం శాఖ తెరిచాక కూడా డబ్బు బయటికి పోతూనే ఉంది.

మనీలాలో ఆ డబ్బు చేరింది నాలుగు ఖాతాల్లోకి. తొమ్మిది నెలల ముందు, 2015 మేలో, దొంగ గుర్తింపు పత్రాలతో తలా 500 డాలర్లు వేసి తెరిచిన ఖాతాలవి. ఆ తర్వాత ఒక్క లావాదేవీ లేదు. అలాంటి ఖాతాల్లోకి ఒక్కసారిగా 8 కోట్ల 10 లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. అంటే ఆనాటి లెక్కలో దాదాపు 550 కోట్ల రూపాయలు. అక్కడి నుంచి జూదగృహాలకు వెళ్ళాయి. ఫిలిప్పీన్స్ మనీ లాండరింగ్ చట్టం అప్పట్లో జూదగృహాలకు వర్తించేది కాదు. 2017లో గానీ ఆ కన్నం పూడ్చలేదు. కేవైసీ ఎందుకు సార్ ఇన్నిసార్లు అని విసుక్కునే ఖాతాదారులకు ఈ కథ చెప్పండి.

మరి మిగతా డబ్బు ఎలా దక్కింది? ఏదో గొప్ప యంత్రం కాపాడిందనుకునేరు. రెండు కోట్ల డాలర్లు శ్రీలంకలోని ఒక సంస్థకు పంపమని రాసిన ఉత్తరంలో ‘ఫౌండేషన్’ అనే మాటను ‘ఫాండేషన్’ అని తప్పు రాశారు. ఆనాటి వార్తల ప్రకారం, మధ్యలో డబ్బు దాటించే బ్యాంకులో ఎవరో ఆ తప్పు దగ్గర ఆగి, “ఇదేమిటి?” అని ఢాకాను అడిగారు. కొలంబోలోని బ్యాంకుకు కూడా అంత పెద్ద మొత్తం చూసి అనుమానం వచ్చింది. ఆ రెండు కోట్లూ వెనక్కి వచ్చాయి. ఇంకో 30 ఉత్తరాలను న్యూయార్కులో ఆపడానికి కారణం ‘జూపిటర్’ అనే మాట. మనీలా శాఖ ఉన్న వీధి పేరు జూపిటర్. అదే పేరుతో ఇరాన్ ఆంక్షల జాబితాలో ఒక నౌక ఉంది. దాంతో ఉత్తరాలు పక్కకు తీసి చూశారు. అలా దాదాపు 85 కోట్ల డాలర్లు కాకతాళీయంగా బతికాయి.

తర్వాత మొదలైంది తగవు. మా వ్యవస్థలోకి ఎవరూ చొరబడలేదు, తాళాలు మీ దగ్గరే పోయాయి అంది స్విఫ్ట్. సరైన తాళంతో వచ్చిన ఉత్తరానికే డబ్బు ఇచ్చాం అంది న్యూయార్కు. స్విఫ్ట్ సాంకేతిక నిపుణులే కన్నాలు వదిలి వెళ్ళారన్నారు బంగ్లాదేశ్ పోలీసులు, స్విఫ్ట్ కాదంది. ఢాకాలో ఫైర్‌వాల్ లేదనీ, పది డాలర్ల సెకండ్‌హ్యాండ్ స్విచ్చులతో నెట్‌వర్కు నడిపారనీ ఆ పోలీసులే చెప్పారు. ప్రపంచమంతా వాడుకునే తీగ ఒకటే, కానీ ఎవరి గుమ్మానికి కాపలా వాళ్ళదే. ఆ సంగతి తెలిశాక 2016లోనే స్విఫ్ట్ తన సభ్యులందరికీ భద్రతా నియమాల కార్యక్రమం ప్రకటించింది. మన రిజర్వు బ్యాంకు కూడా అదే ఏడాది జూన్ 2న బ్యాంకులకు సైబర్ భద్రతా చట్రాన్ని ఇచ్చింది. ఢాకాలో మాత్రం జరిగిన సంగతిని నెల రోజులు బయటికి రానివ్వలేదు. ఆర్థికమంత్రికే పత్రికల ద్వారా తెలిసింది. మార్చి 15న గవర్నరు రాజీనామా చేశారు.

దొంగలు లోపలికి ఎలా వచ్చారో కూడా వినండి. అమెరికా దర్యాప్తు ప్రకారం ఉద్యోగం కోరుతూ వచ్చిన ఈమెయిళ్ళ ద్వారా. నా అర్హతలు ఇందులో ఉన్నాయి చూడండి అని మర్యాదగా రాసిన ఉత్తరం. ఎవరో తెరిచారు. ఏడాదికి పైగా లోపల కూర్చుని, ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో గమనించారు. ఈ కేసులో ఉత్తర కొరియాకు చెందిన ఒక వ్యక్తి మీద అమెరికా 2018లో అభియోగం మోపింది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2018 ఆగస్టు 11న పూణేలోని ఒక సహకార బ్యాంకు సొమ్మును నకిలీ కార్డులతో 28 దేశాల ఏటీఎంలలోంచి లాగేశారు. ఆ రోజు ఏమిటో తెలుసా? రెండో శనివారం. మనకు సెలవంటే వాళ్ళకు పని దినం.

ఇక నా సంగతి. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడా చెప్పలేదు. నేను ఒక శాఖకు మేనేజరుగా ఉన్న రోజుల్లో ఒక శనివారం, మా పాత ఖాతాదారు ఒకాయన నుంచి మెయిల్ వచ్చింది. మిర్చి వ్యాపారి, ఇరవై ఏళ్ళ పరిచయం. ఫలానా ఖాతాకు 18 లక్షలు అర్జంటుగా పంపండి, నేను ఊళ్ళో లేను, సంతకం చేసిన లేఖ జతచేశాను అని. కౌంటరు మూసే వేళ. కొత్తగా చేరిన ఆఫీసరు అమ్మాయి ఆ లేఖ పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

“సార్, ఈయన ఎప్పుడూ సంతకం కింద తేదీ వేస్తారు. ఇందులో లేదు. ఒక్కసారి ఫోను చేద్దామా?”

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. “ప్రతిదానికీ అనుమానమేనా అమ్మా? ఆయన నీకంటే ముందునుంచి నాకు తెలుసు. పంపించెయ్యి” అన్నాను. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా బయటికి వెళ్ళింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. “సార్, మీరు కోప్పడినా సరే అని ఫోను చేశాను. ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఏ మెయిలూ పంపలేదట.” తర్వాత చూస్తే ఆ మెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం తేడా.

ఆ 18 లక్షలు పోయి ఉంటే నాకు ఛార్జిషీటు వచ్చేది. అప్పటికి మా అమ్మాయి పెళ్ళి కుదిరి రెండు నెలలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే, ఎసిడిటీ అన్నాను. మరుసటి సోమవారం ఆ అమ్మాయిని గదిలోకి పిలిచి థాంక్స్ చెప్పాను. కానీ తలుపు మూసి చెప్పాను. కసిరింది నలుగురికీ వినపడేలా, మెచ్చుకున్నది ఎవరికీ వినపడకుండా. ఆరు నెలలకు ఆమెకు బదిలీ అయింది. ఇవాళ ఈ సభలో చెబుతున్నాను: ఆ రోజు బ్యాంకును, నన్ను, నా కుటుంబాన్ని కాపాడింది ఆమె.

అందుకే మేనేజర్లకు నా మనవి. మీ శాఖలో “ఒక్కసారి ఆగుదామా సార్” అనే మనిషి ఉంటే ఆ మనిషిని కసరకండి. ఫౌండేషన్ అన్న మాట తప్పు పడిందని అడిగినవారిని ఆ రోజు పైఅధికారి కసిరి ఉంటే, ఇంకో రెండు కోట్ల డాలర్లు పోయేవి. రద్దీగా ఉందని పాస్‌వర్డు పక్కవారికి చెప్పే అలవాటు మానండి. పాస్‌వర్డు చెప్పడం అంటే మీ సంతకం వేరొకరికి అరువివ్వడమే.

ఇంట్లోవాళ్ళకు మూడు మాటలు. ఒకటి, బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేర్లను నమోదు చేసేది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ. లింకు నొక్కే ముందు చిరునామా చివర చూడండి. రెండు, పోలీసులమంటూ వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్టు’ అంటే ఫోను పెట్టేయండి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. మూడు, డబ్బు పోతే పరువు పోతుందని దాచకండి. వెంటనే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో పిల్లలో పెద్దలో మోసపోయి చెప్పుకుంటే, ముందు తిట్టకండి. తిడతారన్న భయంతో దాచిన ప్రతి గంటా దొంగకు సెలవు రోజే.

రేపు సోమవారం మీ శాఖలో ప్రింటరు ఆగిపోవచ్చు. ఎక్కువసార్లు అందులో కాగితం ఇరుక్కుని ఉంటుంది, అంతే. అయినా ఒక్కసారి లేచి వెళ్ళి చూడండి.