పాత యింటి బేరము

ఊరి వెలుపల ప్లాటు కొని, నాలుగు వైపుల ఖాళీ వదలి, స్లాబు వేసి ఇల్లు కట్టుకొనుట ఇప్పటి వాడుక. నారాయణఖేడులోను అంతే. అయినను ఊరినడుమ, పాత వీథిలో, ఉన్న ఇల్లే కొనవలెనని తలచువారు లేకపోలేదు. బజారు, బడి, బస్సు దగ్గర. వేసవిలో మట్టిగోడల చల్లదనము. ముసలితనమున పలుకరించుటకు నలుగురు మనుష్యులు. ఇట్టి కోరిక గల గృహస్థులను ఉద్దేశించి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఆ యిండ్లు విడివిడిగా నిలిచినవి కావు. ఒకదాని గోడ ఇంకొకదాని కానుకొని, అనేక చోట్ల ఇద్దరికిని ఒకే గోడయై, వీథి పొడవున వరుసగా నుండును. నడిమి ఇల్లు కొనువాడు రెండు గోడలలో సగము సగము మాత్రమే కొనును. మిగిలిన సగము ఎవరిదో, వారు ఎట్టివారో తెలిసికొనక బయానా చేతిలో పెట్టుట తొందరపాటు.

ఆ సగము గలవారు మన భాషవారే, మన మతమువారే కావలెనను నియమము నారాయణఖేడులో లేదు. నైజాము పాలనలో ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ఆ ఒక్క జిల్లా మూడు పాళ్లాయెను. బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయెను. ఉద్గీరు, నీలంగా, అహమదుపురము తాలూకాలు బొంబాయి రాష్ట్రమున చేరెను. నారాయణఖేడు, జహీరాబాదు ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో కలిసెను. అన్నదమ్ములు పాళ్లు పంచుకొన్నట్లు ప్రభుత్వములు పంచుకొన్నవి గాని, ఇంటిలో మాటలాడు భాష ఆ పంపకమునకు లొంగలేదు. తరువాత 2014లో తెలంగాణ రాష్ట్రము, 2016లో సంగారెడ్డి జిల్లా, 2018లో పురపాలక సంఘము వచ్చినవి. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఈ ప్రాంతమున నేటికిని వినవచ్చుచునే యున్నవి.

ఈ కలగలుపు మొట్టమొదట కాగితములలో ఎదురగును. 1884 నుండి నైజాము రాజ్యమున కచేరి భాష ఉర్దూ. కనుక తాతలనాటి బైనామా ఉర్దూలో, అదియు గొలుసుకట్టు షికస్త వ్రాతలో ఉండిన ఆశ్చర్యపడ నక్కరలేదు. చదువగల పెద్దను వెదకి, అక్షరమక్షరము చదివించుకొని, తెలుగులో వ్రాయించుకొనవలెను. అందులోని తేదీ ఫసలీ లెక్క. అజూరు మాసముతో, అనగా అక్టోబరు మొదటి వారముతో, ఆ సంవత్సరము మొదలగును. 1340 ఫసలీ అనిన 1930 అక్టోబరు నుండి 1931 అక్టోబరు వరకు. ఈ చిన్న లెక్క తెలియక ఏ పత్రము ముందుదో, ఏది వెనుకదో తారుమారు చేసికొనినచో హక్కుల వరుసయే తలక్రిందులగును.

ఆ పత్రమున నా కెప్పుడును ఆసక్తి కలిగించునది హద్దుల వివరము. తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమట ఫలానా వారి గోడ, ఉత్తరమున నడకదారి, దక్షిణమున మోరి. ఇంటికి స్వంత గుర్తు ఏదియు లేదు. పొరుగువారి పేర్లే దాని గుర్తు. ఆ పేర్లు గలవారు గతించి యుందురు. నేడున్నవారు వారి వారసులా, వారినుండి కొన్నవారా, అద్దెకున్నవారా అని విచారించవలెను. ఈ విచారణ కచేరిలో జరుగునది కాదు, అరుగుమీద జరుగునది.

ఇక అమ్మువాని సంగతి. ఇంటిపన్ను రసీదు అతని పేర నున్నంత మాత్రమున ఇల్లు అతనిదని నిర్ణయము కాదు. పన్ను కట్టినాడని మాత్రమే ఆ రసీదు చెప్పును. హిందూ కుటుంబమైనచో, 2005 నాటి సవరణ ననుసరించి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకును కుమారులతో సమానముగ జన్మహక్కు కలదు. అత్తవారింటనున్న ఆడపడుచు సంతకము అక్కరలేదని దలాలు చెప్పినచో ఆ మాట విని ఊరకుండరాదు. ముస్లిము కుటుంబమున కుమారుని భాగములో సగము కుమార్తెకు వచ్చును. అంతేకాక వారి ధర్మశాస్త్రమున హిబా, అనగా దానము, స్వాధీనము అప్పగించినచో నోటిమాటతోనే చెల్లును. రిజిస్ట్రారు కచేరి ఇచ్చు ఈ.సి.లో అట్టి దానము కనబడదు. ఆ ఈ.సి.యైనను 1983 నుండియే కంప్యూటరులో దొరకును. అంతకు ముందటి దస్తావేజులకు చేతివ్రాత పుస్తకములు వెదకించుకొనవలసినదే.

అన్నదమ్ములలో ఒకడు తన పాలు మాత్రము అమ్మజూపిన సందర్భమున మరింత జాగరూకత వలయును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 44వ సెక్షను ప్రకారము, అవిభక్త కుటుంబము నివసించు ఇంటిలో ఒకరి పాలు కొన్న పరాయివానికి వారితో కలిసి అందు కాపురముండు హక్కు రాదు. సొమ్మిచ్చియు గడప దాటలేక విభాగ వ్యాజ్యము వేయవలసి వచ్చును. ఇక సాదాబైనామా మాట. తెల్లకాగితముపై వ్రాసికొన్న కొనుగోళ్లను క్రమపరచుటకు ప్రభుత్వము చేసిన ఏర్పాట్లు సాగుభూములను గురించినవి. ఇంటికి వానిని అన్వయించుకొని ధైర్యపడరాదు.

పొరుగువారిని ముందుగ కలిసికొనుడని చెప్పినపుడు కొందరు, “వారి అనుమతి మనకెందుకు?” అని అడుగుదురు. అనుమతి అక్కరలేదు. పూర్వము కొన్ని ప్రాంతములలో హక్కుషఫా అను ఆచారము, దానిని బలపరచు శాసనములు నుండెడివి. ప్రక్కయింటిని పరాయివానికి అమ్మినచో, ఆ వెల తానే ఇచ్చి దానిని తీసికొను హక్కు పొరుగువాని కుండెను. 1962లో భౌరాం, బైజనాథుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, కేవలము ఇరుగుపొరుగు తనమునుబట్టి వచ్చు అట్టి హక్కు రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. అన్య మతస్థులను, అన్య జాతివారిని వాడలో అడుగిడనీయకుండుటయే దాని వెనుకటి ఉద్దేశమని న్యాయమూర్తులు గుర్తించిరి. 1964లో మరియొక వ్యాజ్యమున ఆచారమునుబట్టి వచ్చు హక్కునకును అదే గతి పట్టెను. కాబట్టి ఏ వీథిలోనైనను ఎవరైనను ఇల్లు కొనవచ్చును. చట్టము గడప తెరచినది. అయినను గడపలోపల గోడ ఉమ్మడిదిగనే యున్నది.

ఇపుడు ఆ గోడ విషయము చూతము. ఒక ఉపాధ్యాయుడు ఉద్యోగ విరమణ సొమ్ముతో వరుసలోని నడిమి ఇల్లు కొన్నాడనుకొందము. వైశాఖమున పాత మిద్దె కూలద్రోయించి పునాది త్రవ్వించును. ప్రక్కయింటి మట్టిగోడ ఎన్నో ఏండ్లుగ ఈ ఇంటి గోడ ఆసరాతో నిలిచినది. ఆసరా పోయినది, క్రింద గుంట వచ్చినది, జ్యేష్ఠమున నాలుగు వానలు కురిసినవి. ఆ గోడ ఒరిగినచో లోపల నిద్రించువారి గతి ఏమి? ఇరువది ఏండ్లు నిరాటంకముగ పొందిన ఆసరా హక్కుగ మారునని 1882 నాటి సుఖానుభవ చట్టము చెప్పుచున్నది. కోర్టుమాట అటుంచి, కాపురమునకు రాకమునుపే ఇరుగింటివారు శత్రువులైన చోట ఆ ఉపాధ్యాయుడు శేషజీవితమెట్లు గడపును? కూలిన గోడ ఉర్దూ మాటలాడువారిదో, కన్నడము మాటలాడువారిదో అయినపుడు, మేస్త్రీ పొరపాటు వాడలో మరియొక రంగు పులుముకొనుట ఎంతసేపు?

హాలండు దేశపు నగరములలోను ఇట్టి చిక్కే కలదు. ఆంస్టర్డాము, రాటర్డాముల పాత వాడలలో ఇటుక యిండ్లు ఉమ్మడి గోడలతో వరుసగా నుండును. డచ్చివారితోపాటు సూరినాము, తుర్కీ, మొరాకోలనుండి వచ్చిన కుటుంబములు అందు కాపురముండును. అక్కడి నేల మెత్తన. కనుక పాత యిండ్లు భూమిలో దిగగొట్టిన కొయ్యస్తంభములపై నిలిచినవి. నీటిలో మునిగియున్నంత కాలము ఆ కొయ్యకు బూజు పట్టదు. భూగర్భజలము తగ్గి గాలి సోకినచో బూజు పట్టి చివుకును, ఇల్లు క్రుంగును. గోడలు ఉమ్మడివి గనుక ఒక్కడు తన ఇంటిక్రింది పునాదిని మాత్రమే బాగుచేసికొని లాభము లేదు; వరుసవారందరు కలిసి సొమ్ము వేసికొనవలెను. అందుచే అచట తెలివిగల కొనుగోలుదారు మొదట పునాది మాట అడుగును. మన నల్లరేగడిలో కొయ్యస్తంభములు లేవు గాని, నేల వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. ఆ లాగుడుకు గోడలు పగులును. క్రొత్త సున్నము వేసి అమ్మజూపిన ఇంట ఆ పగుళ్లు మూసియుండును. వేసవి చివర ఒకసారి, గట్టి వానపడిన మరునాడు ఒకసారి ఇల్లు చూడుడు. రెండవ చూపే ముఖ్యము.

వెంట అనుభవము గల వడ్రంగిని తీసికొనిపోవుట మేలు. దూలము నడుమ బాగుగనే యుండును. గోడలో దూరిన కొన పుచ్చును. అతడు తట్టి, చప్పుడునుబట్టి చెప్పును. ఆ కొన మీ సగములో ఆగినదా, పొరుగువారి సగములోనికి పోయినదా చూడుడు. మట్టిగోడపై సిమెంటు పూత గట్టిదని కొందరు పూయింతురు. అది లోని చెమ్మను వెలికి పోనీయదు. గోడ లోలోపల మెత్తబడి ఒకనాడు పూతతో సహా ఊడిపడును. మట్టిగోడకు సున్నమే తగినది. ఆ గోడలపై స్లాబు బరువు మోపుట మాటయే తలపెట్టరాదు. స్లాబు కావలసిన లోపల వేరుగ స్తంభములు లేపవలసినదే.

బయానాకు ముందు ఒక సాయంకాలము రెండు ప్రక్కల ఇండ్లకును పోయి కూర్చుండుడు. భాష కొంత రాకున్నను కొదువలేదు. అచట నాలుగు భాషలు కలిపి మాటలాడుట ఎవరికిని వింత కాదు. “పెద్దాయనా, మిద్దెనీరు ఏ వైపు పోవును? మోరి ఎవరు శుభ్రము చేయింతురు? ఈ గోడ ఎవరి తాతలు కట్టించిరి?” అని అడుగుడు. వారు చెప్పునవి ఏ దస్తావేజులోను లేవు. గోడ విప్పవలసి వచ్చినచో ముందుగ వారి వైపు పోట్లు పెట్టించి, పునాది ఒక్కసారి పొడవున త్రవ్వక మూడు నాలుగు అడుగుల ముక్కలుగ త్రవ్వి కట్టి, ఆ ముక్క ఆరిన తరువాత రెండవది మొదలు పెట్టింతునని వారికి మాట ఇండు. ఆ మాట కాగితముపై వ్రాసి ఇద్దరును సంతకములు చేసి, చెరియొక ప్రతి ఉంచుకొనవలెను. వారికి ఏ లిపి వచ్చునో ఆ లిపిలోను ఒక ప్రతి యుండుట ఉచితము. పని దీపావళి దాటిన పిదప మొదలుపెట్టినచో హోళీనాటికి గోడ లేచును. వానలకు ముందు సున్నము ఆరుటకు కావలసినంత ఎండ మిగులును.