తండ్రికి చూపించని పద్యం

చిన్నకోడూరులో సభ అనగానే ఏం మాట్లాడాలో తేల్చుకున్నాను. చావబోయే తండ్రి మంచం పక్కన కూర్చున్న ఒక కవి గురించి. ఆయన మన జిల్లావాడు కాదు, వేల్స్‌కు చెందిన డిలన్ థామస్. కానీ ఆయన పడ్డ ఇబ్బంది మన ఇళ్లలోదే.

తండ్రి స్వాన్సీలో ఇంగ్లీషు పంతులు. తాను కవి కావాలనుకుని కాలేకపోయినవాడు. పసివాడికి షేక్‌స్పియర్ చదివి వినిపించేవాడట. 1933లో క్యాన్సర్ వచ్చింది, దాన్ని గట్టెక్కాడు. ముసలితనంలో చూపు పోయింది, ఒకప్పటి దురుసుతనం మెత్తబడింది. కొడుకు తట్టుకోలేకపోయింది ఆ మెత్తదనాన్నే అని నా అనుమానం. ఊరుకోవద్దు, చీకటితో కొట్లాడు అని తండ్రిని పోరుతూ ఒక పద్యం రాశాడు. 1951లో అచ్చుకు పంపుతూ ఒక పత్రిక సంపాదకురాలికి రాసిన ఉత్తరంలో ఒక మాటన్నాడు: ఈ పద్యాన్ని చూపించలేనిది ఒక్క నాన్నకే, తాను పోతున్నానని ఆయనకు తెలియదు మరి.

పద్యంకన్నా ఆ ఉత్తరమే నన్ను ఎక్కువ పట్టుకుంది. ప్రపంచమంతా చదివిన పద్యం, ఎవరి కోసం రాశాడో ఆయన కంటపడకుండా దాచింది. తండ్రి 1952 డిసెంబరు 16న పోయాడు. ఏడాది తిరక్కముందే, 1953 నవంబరు 9న, ముప్పై తొమ్మిదేళ్ల కొడుకూ పోయాడు.

మా నాయినకూ మేం చెప్పలేదు. కడుపులో పుండు, మందులకు తగ్గుతుందన్నాం. ఆయన రోజూ అడిగింది రోగం సంగతి కాదు, కాలిపోయిన బోరు మోటరు సంగతి. చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ జలాశయం ఇంకా కలలో కూడా లేని కాలం అది. చేతి వేళ్లతో మంచం పట్టీ మీద ఏదో లెక్క వేసేవాడు. నేను మాత్రం "ఫికరు చెయ్యకు నాయినా, పండుకో" అనేవాణ్ణి. కవినని చెప్పుకునేవాడికి అంతకుమించి మాట దొరకలేదు.

మనం పెద్దవాళ్లకు మంచి సావు కోరతాం, ఎవరితో చేయించుకోకుండా పోవాలె అంటాం. చావుతో పెనుగులాట మన కథల్లో పిల్లలకు దక్కింది. చేర్యాల పటం విప్పి కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయుని కథ చెప్తుంటే చూశాను. పదహారేళ్ల పిల్లగాడు లింగాన్ని వాటేసుకుంటాడు, యముడు పాశం విసురుతాడు. ముసలి తండ్రిని కొట్లాడమని కొడుకు పోరే బొమ్మ నేను చూసిన పటంలో లేదు.

ఆ పోరు మనకు ఆడవాళ్లు పెట్టే శోకంలో ఉంది. థామస్ పద్యానికి పంతొమ్మిది పాదాలు. అందులో రెండు పాదాలు ఒక్కొక్కటి నాలుగుసార్లు వస్తాయి. పాశ్చాత్య ఛందస్సు చదివినవాళ్లు దీన్ని గొప్ప పనితనం అంటారు, నిజమే. మా అక్క ఏ ఛందస్సూ చదవలేదు. నాయిన పోయిన రోజు ఆయన కాళ్లు పట్టుకుని రాగం తీసి, ఎటు పోయినా లేవమనే మాట దగ్గరికే తిరిగి వచ్చింది. మధ్యలో కందిచేను, నాయిన అప్పు, తన పెళ్లిలో ఆయన అలిగిన సంగతి, అన్నీ చెప్పింది. వేల్స్ కవి ముందే రాసి తండ్రికి చూపకుండా దాచాడు, మా అక్క ఆలస్యంగానైనా మొహం మీదే అనేసింది. ఇద్దరిలో ధైర్యం ఎవరిదంటే నేను అక్క వైపే చేయెత్తుతాను. ఈ సభలో స్మృతికావ్యాల మీద పత్రాలు చదవబోయే మిత్రులు ఈ శోకాలను కూడా ఆ లెక్కలో వేయాలని నా కోరిక. మన ఆడవాళ్ల గొంతులో ఉన్నదాన్ని జానపదం అని పక్కగదిలో కూర్చోబెట్టడం మనకు అలవాటైపోయింది.

మూడోరోజు పిట్టకు పెట్టినం. విస్తట్లో అన్నం, కూర, ఆయనకు ఇష్టమైన కల్లు. చింతచెట్టు మీద కాకి కూర్చున్నది, దిగదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. మనుమలను సాకుతమని చెప్పినం, అప్పు తీరుస్తమని చెప్పినం, కదలలేదు. చివరికి అక్క చేతులు జోడించి, "మోటరు బాగయింది నాయినా, నీళ్లు పోస్తున్నది" అన్నది.

కాకి దిగింది. మోటరు ఇంకా మెకానిక్ దగ్గరే ఉన్నది.