గెలవకముందు చెప్పుకునే చోటు

తాగుడు నుంచి, మత్తుమందుల నుంచి, జూదం నుంచి బయటపడాలనుకునే వాళ్ల కోసం సంఘంలో ఒక చిన్న గ్రూపు నడపడం ఎలాగన్నది నాకిచ్చిన అంశం. ఇలాంటివాళ్లు మాట్లాడటానికి మన సంఘాల్లో సాక్ష్యం అనే వేదిక ఎప్పటినుంచో ఉంది. అయితే సాక్ష్యం చెప్పే మనిషి గెలిచాకే మైకు ముందుకొస్తాడు. ఒకప్పుడు తాగేవాణ్ణి, ప్రభువు విడిపించాడు అంటాడు. మనం స్తోత్రం అంటాం. నిన్న రాత్రి మళ్లీ తాగాను అనేవాడికి ఆ మైకు దగ్గర చోటు లేదు. అతనికి చోటివ్వడమే ఈ గ్రూపు పని అని నా వాదన. మిగతా నియమాలన్నీ ఆ పనికి కాపలా కాసేవే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1738లో ఇంగ్లండులో జాన్ వెస్లీ తన చిన్న బృందాలకు నియమాలు రాసిపెట్టాడు. మన పాపాలు ఒకరితో ఒకరం ఒప్పుకోవాలన్న యాకోబు పత్రిక 5:16ను ఆచరణలో పెట్టడమే వాటి ఉద్దేశం. వారానికోసారి కలవాలి, కిందటిసారి కలిశాక ఏ తప్పు చేశారో చెప్పుకోవాలి. అంటే మారుమనసుకు ముందటి కథ కాదు, ఈ వారం సంగతే. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత అమెరికాలో బిల్ విల్సన్ తాగుడు మానాక కనబడిన తాగుబోతుకల్లా తన ఆత్మానుభవం బోధించాడు. నెలల తరబడి ఒక్కరూ మారలేదు. ముందు బోధించడం ఆపమని అతనికి వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్తే చెప్పాడు. 1935లో అక్రన్ ఊళ్లో మళ్లీ తాగాలన్న కోరిక తరుముకొస్తుంటే, తాను నిలబడటానికే మరో తాగుబోతును వెతుక్కుంటూ వెళ్లి డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిశాడు. ఉద్ధరించేవాడిగా పోలేదు, అవసరంలో ఉన్నవాడిగా పోయాడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అక్కడ పుట్టింది. కోలుకోవడానికి అది చెప్పే మెట్లలో చాలాభాగం ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచి వచ్చినవే. ఒకరితో ఒకరు ఒప్పుకునే, సంఘం చేజార్చుకున్న అలవాటును తాగుబోతులు కాపాడారన్నా తప్పులేదు. 1991లో కాలిఫోర్నియా శాడిల్‌బ్యాక్ సంఘంలో జాన్ బేకర్, రిక్ వారెన్ మొదలుపెట్టిన సెలెబ్రేట్ రికవరీ ఆ అలవాటును తిరిగి సంఘంలోకి తెచ్చింది.

సెలెబ్రేట్ రికవరీ నియమాలు చూస్తే చాలా సాదాగా ఉంటాయి. ఎవరి సంగతి వాళ్లే, మూడు నుంచి అయిదు నిమిషాల్లో చెప్పాలి. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురాకూడదు. ఎదుటివాణ్ణి బాగుచేసే పని పెట్టుకోకూడదు. విన్నది బయటికి పోకూడదు. బూతులకు చోటులేదు. మగవాళ్లు, ఆడవాళ్లు వేరువేరుగా కూర్చోవాలి. వీటిలో మనకు అన్నిటికన్నా కష్టమైనది బాగుచేయకపోవడం. ఎవరైనా బాధ చెప్పగానే వాక్యం ఎత్తిచూపడం, సలహా ఇవ్వడం మనకు ప్రేమలాగే తోస్తుంది. విన్నవాడికి మాత్రం తీర్పులా తగులుతుంది. వచ్చేవారం వచ్చి, దేవుని కృపవల్ల బాగున్నానంటాడు. ఆ పైవారం రాడు.

మరి బోధ లేకపోతే ఇది సంఘమెలా అవుతుంది, పాపాన్ని చూసీచూడనట్టు వదిలేయడం కాదా అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సెలెబ్రేట్ రికవరీలో బోధ లేకపోలేదు. ముందు అందరూ కలిసి ఆరాధన, పాఠం. ఆ తర్వాతే చిన్న గ్రూపులు. హద్దు సమయానిదే, సత్యానిది కాదు. గద్దించాల్సిన మాటేదైనా ఉంటే, ఆ దారిలో ముందు నడిచిన తోడు మనిషి అతనితో ఏకాంతంగా చెప్పాలి, పదిమందిలో కాదు. ఇక ఫలితం మాటకొస్తే, 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను పరిశీలించింది. ఆల్కహాలిక్స్ అనానిమస్ వైపు పద్ధతిగా నడిపించే చికిత్సలు, పూర్తిగా మానేయించడంలో మిగతా పేరున్న చికిత్సలకంటే మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. ఆ పరిశీలన సంఘాల్లోని గ్రూపుల మీద జరిగింది కాదు కాబట్టి దాన్ని మన ఖాతాలో రాసుకోకూడదు. అయినా తోటి బాధితుల ఎదుట మాట్లాడటం ఉత్త కాలక్షేపం అనేవాళ్లకు అది చాలినంత జవాబు.

ఇంకో మాట వినబడుతుంది: ఉపవాస ప్రార్థన ఉండగా డాక్టరెందుకని. దీనికి మొహమాటం లేకుండా జవాబు చెప్పాలి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత ఒళ్లు వణుకుతూ, మతి తప్పి, లేనివి కనబడే దశ వస్తే ప్రాణమే పోవచ్చు. అలాంటివాణ్ణి మూడు రోజులు తిండి లేకుండా ప్రార్థన గదిలో కూర్చోబెట్టడం విశ్వాసం కాదు, ప్రమాదం. ముందు ఆసుపత్రి, తర్వాత గ్రూపు. ప్రార్థన రెండు చోట్లా చేయవచ్చు.

మన ఊళ్ల చిక్కు గోప్యత దగ్గర మొదలవుతుంది. సంఘంలో సగంమంది ఒకరికొకరు చుట్టాలే. పైగా మన దగ్గర రహస్యం పుకారులా బయటపడదు, ప్రార్థన విన్నపంలా బయటపడుతుంది: ఫలానా అన్న గురించి భారంగా ప్రార్థించండి, కారణం అడగవద్దు అంటారు. మధ్యాహ్నానికి ఊరందరికీ తెలుస్తుంది. అందుకే గ్రూపులో పుట్టిన ప్రార్థన గ్రూపులోనే ఆగాలి. పాస్టరుగారు అందులో కూర్చోకపోవడమే మేలు. జీతం, పెళ్లి సంబంధం, సంఘంలో పదవి ఆయన మాట మీద ఆధారపడినవాళ్లు ఆయన ఎదుట నోరు విప్పరు. తాగేవాడికంటే ముందు అతని భార్య వస్తుంది, ఆమెకు వేరే గ్రూపు కావాలి. ఆమెను ఓర్చుకోమనడం కూడా సలహాయే.

గోప్యతకు హద్దులూ ఉన్నాయి. ఎవరైనా ప్రాణం తీసుకుంటానన్నా, మరొకరికి హాని చేస్తానన్నా మౌనంగా ఉండకూడదు. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. నడిపేవాళ్లు ఈ మాట ప్రతి సమావేశంలోనూ, ఎవరూ మాట్లాడకముందే చెప్పాలి. చివర్లో చెబితే, అప్పటికే మనసు విప్పినవాణ్ణి వలలో వేసినట్టవుతుంది.