గాలం ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజినీరువి కదా, పిల్లలకు పనికొచ్చే విజయ రహస్యాలు ఓ పది నిమిషాలు చెప్పు" అన్నారు. నా దగ్గర అలాంటి రహస్యాలేమీ లేవండి. పోగొట్టుకున్న వాటి లెక్క మాత్రం ఉంది. 2013లో ఒక్క సీజన్లో నలభై ఒక్క గాలాలు నది పాలు చేశాను. ఒక్కొక్కటీ నాలుగైదు డాలర్లు. ఆ నలభై ఒకటీ నాకు నేర్పిన పాఠం గురించీ, వాటికి చాలా ముందు, 1984లో, మన లాకుల దగ్గర పోయిన ఒక గాలం గురించీ చెబుతాను.

మన ఊళ్ళో గాలం అంటే మీకు తెలిసిందే. ఓ వెదురు కర్ర, నైలాను దారం, నెమలి ఈకతోనో జొన్న బెండుతోనో చేసిన బెండు, కొక్కానికి గుచ్చిన ఎర్ర. కాలవ గట్టున కూర్చుని బెండు మునిగేదాకా చూడటమే పని. పడితే జెల్లలు, పరిగెలు. అదృష్టం బాగుంటే కొర్రమీను.

నేను ఉద్యోగానికి వెళ్ళిన సియాటిల్ దగ్గర స్కైకోమిష్ అని ఒక నది ఉంది. మంచు కొండల నుంచి దిగి వస్తుంది. అడుగంతా గుండ్రాళ్ళు, అక్కడక్కడా కొట్టుకొచ్చి ఇరుక్కున్న మాను దుంగలు. అందులోకి సముద్రం నుంచి చేపలు ఎదురెక్కి వస్తాయి. మనకు ఇలస గోదారి ఎర్రనీరు ఎక్కి పులస అయినట్టే. గులాబీ సాల్మన్ అనే రకం అక్కడ బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా వస్తుంది, ఎందుకంటే దాని ఆయుష్షు సరిగ్గా రెండేళ్ళు. స్టీల్‌హెడ్ అని ఇంకొకటి, సముద్రానికి వెళ్ళి తిరిగొచ్చే ట్రౌట్. వీటికి అక్కడివాళ్ళు వేసే ఎరల్లో ఒకటి స్పూన్. అవును, చెంచాయే. పిడి లేని చెంచా ఆకారంలో వంచిన ఇత్తడి రేకు, ఒక చివర దారం, ఇంకో చివర కొక్కెం. నీళ్ళలో అటూ ఇటూ ఊగుతూ తళుక్కుమంటుంటే చిన్న చేప అనుకుని పెద్ద చేప మీద పడుతుంది.

దీనికి పేటెంటు తీసుకున్నది జూలియో బ్యూల్ అనే అమెరికా ఆయన, 1852లో. పడవలో తింటుంటే చెంచా జారి నీళ్ళలో పడిందనీ, మునిగేలోగా ఒక చేప దాన్ని అందుకుందనీ ఆయన గురించి ఓ కథ చెప్పుకుంటారు. సరిగ్గా ఆ 1852లోనే ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. ఆ ఆనకట్ట నీళ్ళే మన బడి వెనక కాలవలోకి వచ్చాయి. ఈ రెండూ ఒకే ఏడు పుట్టాయని తెలిసిన రోజు నాకెందుకో బంధుత్వం కుదిరినట్టనిపించింది.

కాని చెంచా ఎర్ర లాంటిది కాదు. బెండు ఎర్రను నేలకు తగలకుండా పట్టుకుంటుంది. చెంచాకు బెండు లేదు. వదిలేస్తే మునుగుతుంది, మునిగితే రాయి. పైన లాగితే రాయి తగలదు, చేపా తగలదు. ఎందుకంటే ఆ చేపలు అడుగునే, ప్రవాహం మందంగా ఉన్న చోట, రాళ్ళ చాటున నిలబడతాయి. అడుగుకు జానెడు ఎత్తులో చెంచా నడవాలి. ఆ జానెడు దొరక్కే నా నలభై ఒకటీ పోయాయి.

నీటి పైపులు, పంపులు నా వృత్తి. అలాంటివాడికి నీళ్ళలో ఓ రేకు ముక్క ఎలా పోతుందో తెలియకపోవడం సిగ్గుచేటు. రోజూ కొత్తవి కొనడం, రోజూ తెంపుకోవడం. ఒకరోజు పక్కన చేపలు పడుతున్న ఒక ముసలాయన, రంపపు మిల్లులో పనిచేసి రిటైరైనవాడు, నా వంక చూసి, "నువ్వొచ్చింది చేపల కోసమా, రాళ్ళ కోసమా?" అన్నాడు. తర్వాత నా పెట్టె తెరిచి చూసి, "అన్నీ ఒకే బరువువి కొన్నావేం? ఈ నది అంతా ఒకే లోతా?" అని అడిగాడు.

ఆ మాట వినగానే నాకు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ఇదిగో, ఇక్కడే ఉన్నారు. ఎనిమిదో క్లాసులో మమ్మల్ని కాలవ గట్టుకు తీసుకెళ్ళి, పది గజాల దూరం తాడుతో కొలిచి, నారింజ తొక్కలు నీళ్ళలో వేయించి, చేతి గడియారంతో వేగం లెక్క కట్టించారు. "ఇది పైనీళ్ళ వేగంరా. కింద నీళ్ళు నేలను రాసుకుంటూ పోతాయి, వాటికింత పరుగు ఉండదు" అన్నారు. తర్వాత ఇంజినీరింగు కాలేజీలో అదే సంగతి పెద్ద పెద్ద సమీకరణాలతో చదివాను. పరీక్ష రాసి మర్చిపోయాను.

ఆ మర్నాటి నుంచి కొలవడం మొదలుపెట్టాను. మీలో చేపల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం ఆ పద్ధతి చెబుతాను.

ముందు బరువు. 7 గ్రాముల నుంచి 21 గ్రాముల దాకా మూడు నాలుగు రకాలు పెట్టుకోవాలి. మందంగా, సన్నగా ఉండేది గబుక్కున మునుగుతుంది, లోతైన చోటికి అది. వెడల్పుగా, పల్చగా ఉండేది నీళ్ళ మీద తేలికగా నడుస్తుంది, మోకాలి లోతు పరుగునీటికి అది.

రెండోది విసిరే దిక్కు. నేను ఎగువకు విసిరేవాణ్ణి. అప్పుడు ప్రవాహం చెంచాను నా వైపే తోసుకొస్తుంది, దారం వదులవుతుంది, చెంచా రాయిలా మునుగుతుంది. దారం వదులైందంటే రాయి పట్టుకున్నట్టే. ఎదుటి ఒడ్డుకు సూటిగా, లేకపోతే కాస్త దిగువకు విసరాలి. దారం బిగువుగా ఉంచితే చాలు, ప్రవాహమే దాన్ని ఉయ్యాల ఊపినట్టు ఒక వంపులో మన ఒడ్డుకు చేరుస్తుంది. మనం పెద్దగా చుట్టక్కర్లేదు.

మూడోది లెక్క. చెంచా నీళ్ళలో పడగానే మూడు లెక్కపెట్టి దారం బిగించాలి. ఏమీ తగల్లేదా, మళ్ళీ నాలుగు. తర్వాత అయిదు. ఆరు దగ్గర 'టక్'మని రాయి తగిలితే, ఆ చోటికి అయిదే లెక్క. పది అడుగులు జరిగితే మళ్ళీ మొదటి నుంచీ. నా నోటు పుస్తకంలో ఒక్క మలుపుకే పదకొండు అంకెలున్నాయి.

నాలుగోది చెయ్యి. చెంచా సరిగ్గా నడుస్తుంటే కర్ర చివర గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడం మందగిస్తే అడుగు దగ్గరికొచ్చిందని అర్థం, కర్ర మొన ఎత్తాలి. మరీ జోరుగా కొట్టుకుంటే పైకి తేలిందని, దించాలి. చివరగా, మూడు మొనల కొక్కెం తీసేసి ఒంటి కొక్కెం పెట్టుకోవాలి. రాళ్ళకు తగిలేది తగ్గుతుంది, చేపకు గాయమూ తగ్గుతుంది. ఆ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. అందుకని వీపు మీద తోకకు ముందుండే చిన్న కండరెక్క చూడాలి. అది కత్తిరించి ఉంటే హేచరీలో పెంచినది, ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే నదిలో పుట్టినది, నీళ్ళలోనే కొక్కెం తీసి వదిలేయాలి.

రెండేళ్ళ తర్వాత, మళ్ళీ గులాబీ సాల్మన్ వచ్చిన ఏడు, సీజనంతా కలిపి నేను పోగొట్టుకున్నవి ఆరు. చేపలు పుష్కలంగా పడ్డాయి. వండితే మా ఆవిడ ఒక ముద్ద తిని, "మన జెల్లల పులుసు ముందు ఇదెంత?" అంది. అది వేరే సంగతి.

ఇంతకీ ఆ ముసలాయన నేర్పిన వాటిలో అన్నిటికన్నా పెద్దది, పట్టుకున్న గాలాన్ని ఏం చెయ్యాలన్నది. గట్టిగా లాగకూడదు, లాగిన కొద్దీ దిగబడుతుంది. ఒడ్డు వెంట దిగువకు నడిచి వెనక నుంచి లాగాలి. ఏ వైపు లాగితే ఇరుక్కుందో దానికి ఎదురు వైపు లాగితేనే వస్తుంది. నడవడానికి దారి లేకపోతే దారం వదులు చేస్తే ప్రవాహమే దాన్ని దిగువకు తీసుకెళ్ళి వంపు కడుతుంది, అప్పుడు ఒక్క ఊపు. అప్పటికీ రాకపోతే కర్రను సూటిగా దాని వైపు పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, తెంపేయాలి. ఊడితే ఆ రేకు తూటాలా వెనక్కి వస్తుంది మరి. కొక్కెం దగ్గర రెండు మూడడుగులు కాస్త బలహీనమైన దారం కట్టుకుంటే అక్కడే తెగుతుంది, బారెడు దారం నదిలో మిగిలి పిట్టల కాళ్ళకు చుట్టుకోదు.

"ఇంత చల్లని నీళ్ళలోకి దిగి తెచ్చుకునేంత ఖరీదైన గాలం ఇంకా ఎవరూ తయారు చేయలేదు" అన్నాడాయన.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1984. తొమ్మిదో క్లాసు. వర్షాకాలం, కాలవ నిండుగా పారుతోంది. నేనూ, నా బెంచీ మిత్రుడూ మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి లాకుల దిగువన గాలాలు వేస్తున్నాం. ఒక గాలం రాళ్ళలో పట్టుకుంది. లాగితే రాలేదు. అది ఇంట్లో చెప్పకుండా తెచ్చిన గాలం, పోతే తన్నులు తప్పవు. వాడికి ఈత వచ్చు, నాకు రాదు. "నే తెస్తా ఉండరా" అన్నాడు. నేను వద్దనలేదు. "త్వరగా రా" అన్నాను.

లాకుల కింద నీళ్ళు పైకి కనబడినట్టు ఉండవు. పైన నురగ కడుతూ ఆడుకుంటున్నట్టుంటాయి, కింద తిరుగుతాయి. వాడు ఒకసారి తేలాడు, మళ్ళీ తేలలేదు. నేను అరిచాను. లాకు లస్కరు గారు పడవ గెడ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ గెడ వాడి చేతికి ఎలా తగిలిందో దేవుడికే తెలియాలి. గట్టు మీద బోర్లా పడుకోబెడితే వాడు నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, మొట్టమొదట నాకు చెప్పిన మాట: "దొరకలేదురా."

మర్నాడు ప్రార్థనలో మాస్టారు అడిగారు. "గాలం ఎవరిది?" అని. నేను తల దించుకున్నాను. వాడు, "నాదేనండి" అన్నాడు. అందరి ముందూ వాడికి బెత్తం దెబ్బలు పడ్డాయి. నాకు పడలేదు. నేను మంచి మార్కులొచ్చేవాణ్ణి, నా మీద ఎవరికీ అనుమానం రాలేదు.

మాస్టారూ, గాలం నాదండి. మా అన్నయ్య పెట్టెలోంచి నేను తీసుకొచ్చాను. నలభై ఏళ్ళు ఆలస్యంగా చెబుతున్నందుకు మన్నించండి.

వాడు మూడో వరుసలో కూర్చున్నాడు. ఈ సంగతి చెబుతానంటే రాత్రి, "ఇప్పుడెందుకురా, పెళ్ళీడు పిల్లల ముందు మన పరువు" అన్నాడు. "నువ్వెందుకు చెప్పావురా అప్పుడు?" అని అడిగితే, "నాకు ఎలాగూ దెబ్బలు అలవాటేగా, నీకు అలవాటు లేదు" అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను?

పిల్లలూ, మీకు చెప్పేది రెండే ముక్కలు. గాలం పట్టుకుంటే తెంపేయండి. ఇంట్లో తిట్లు తినండి, నీళ్ళలోకి మాత్రం దిగకండి, ఇంకొకర్ని దింపకండి. తప్పు మీదైతే ఆ పూటే చెప్పేయండి. ఆలస్యమైన కొద్దీ అది కూడా దిగబడుతుంది.

సంఘం వారికి ఒక మనవి. ఇరిగేషన్ వారి అనుమతి తీసుకుని, లాకుల దగ్గర రెండు గట్ల మీదా తాడు కట్టిన గాలి ట్యూబులు, ఓ పొడుగాటి గెడ ఎప్పుడూ ఉండేలా స్తంభాలు పాతిద్దాం. వేసవిలో పిల్లలకు పెద్దల పర్యవేక్షణలో ఈత నేర్పిద్దాం. మొదటి ఏడాది ఖర్చు నాది. ఈత నేర్చుకునేవాళ్ళలో మొదటి పేరు కూడా నాదే రాసుకోండి. యాభై అయిదేళ్ళొచ్చినా నాకింకా ఈత రాదు.

సెలవు.