సలేశ్వరపు లోయలోనికి

అచ్చంపేటనుండి మన్ననూరు మీదుగా పోయి, ఫరహాబాదు వద్ద నల్లమల అడవిలో ప్రవేశించినవారికి రాంపూరు చెంచుపెంటతో బండిదారి ముగియును. అటుపైన సలేశ్వరమునకు కాలినడకయే. పులుల అభయారణ్యమగుటచే చైత్రపౌర్ణమి జాతర దినములందు మాత్రమే యాత్రికులను ఈ త్రోవన పోనిత్తురు.

మేము తెల్లవారకమునుపే బయలుదేరితిమి. కొంతదూరము చెట్లనీడను సులభముగానే సాగినది. పిమ్మట లోయ అంచు వచ్చినది. ఒకవైపు బండ, ఒకవైపు అగాధము, నడుమ ఒక్క మనిషి పట్టు దారి. ఎక్కువారును దిగువారును అక్కడనే ఎదురుపడవలెను. దిగువారు "వస్తున్నాం లింగమయ్యా" అనియు, మరలువారు "పోతున్నాం లింగమయ్యా" అనియు కేకలిడుచుందురు. భక్తి మాట అటుంచి, మలుపు చాటున మనిషి ఉన్నాడని తెలుపు హెచ్చరికయు అదియేనని మాకు తోచినది. 2023 జాతరలో రద్దీ నడుమ యాత్రికుల ప్రాణములు పోయినది ఈ యాత్రలోనే.

లోయ అడుగున కొండపైనుండి జలధార గుండములో పడుచుండును. మండువేసవిలోను ఆ నీరు ఒడలు జలదరింపజేయును. గుహలోని లింగమునకు అర్చకులు చెంచులే. హైమెండార్ఫ్ పండితుడు 1943లో గ్రంథము వెలువరించినది ఈ చెంచులను గూర్చియే.

దిగుట గొప్ప కాదు. మాలో ఒకరు బరువని నీళ్ళసీసా క్రిందనే ఖాళీచేసిరి. ఎండ ముదిరి, సగమెక్కుసరికి కాళ్ళు తడబడి త్రోవకు అడ్డముగా కూలబడిరి. వెనుక జనమంతయు నిలిచిపోయిరి. ఒక చెంచు పెద్ద వారిని బండనీడకు జరిపి, తన సొరబుర్రలోని నీళ్ళు గుటకగుటకగా త్రాగించి, "తొందరేందయ్యా, గుట్ట యాడికి పోదు" అనెను. మరి గంటసేపటికి గాని మేము కదలలేదు. మిగిలిన దారియంతయు ఆయనయే ముందు నడిచెను.