11 మిల్లీసెకన్ల ఆట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

స్వర్ణోత్సవ నిధితో బడిలో ఒక వీఆర్ గది పెడదామని కొందరు అంటున్నారు. అది ఆటబొమ్మ, పైసలు దండగ అని ఇంకొందరు అంటున్నారు. పొద్దున టిఫిన్ దగ్గర ఒక సారు నన్నే అడిగారు: "కళ్లకు డబ్బా కట్టుకుంటే తల తిరుగుతుందట కదరా?" హైదరాబాద్‌లో నేను చేసేది ఆటలు తయారుచేసే పని కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నకే ఇక్కడ జవాబు చెబుతాను. నిధి సంగతి అందులోనే తేలుతుంది.

ఝరాసంగం జాతరలో రంగులరాట్నం ఎక్కితే మన ఒళ్లు నిజంగానే తిరుగుతుంది. ఆ సంగతి కంటికీ తెలుసు, చెవిలోపల తూకం చూసే భాగానికీ తెలుసు. వీఆర్‌లో వచ్చే చిక్కు వేరు. మీరు తల తిప్పారు, చెవి ఆ కదలికను పట్టుకుంది. కళ్ల ముందున్న బొమ్మ మాత్రం కొంచెం ఆలస్యంగా తిరిగింది. ఆ తేడాకే కడుపులో తిప్పుతుంది. తల కదిలాక బొమ్మ మారడానికి 20 మిల్లీసెకన్లు మించకూడదని ఈ పనిలో ఉన్నవాళ్లు పెట్టుకున్న లెక్క. 2016లో వచ్చిన ఓకులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ రెండూ సెకనుకు 90 బొమ్మలు చూపించేవి. అంటే ఒక్కో బొమ్మకు దొరికేది సుమారు 11 మిల్లీసెకన్లు.

ఇప్పుడు హార్డ్ డిస్క్ సంగతి చూడండి. లోపల ఒక పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంటుంది. కావలసిన చోటికి ఒక చిన్న చేయి కదిలి వెళ్లాలి, ఆ ముక్క తిరిగి దాని కిందికి రావాలి. ఈ ఒక్క వెతుకులాటకే పది మిల్లీసెకన్ల పైన పడుతుంది. ఒక బొమ్మకు ఉన్న టైమంతా అందులోనే పోతుంది! ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. అది మిల్లీసెకనులో చిన్న వంతులోనే అందిస్తుంది.

మన బడి భాషలో చెప్పాలంటే, సోషల్ సారు క్లాసులో ఉన్నారు, ఇండియా మ్యాపు ఆఫీసు బీరువాలో ఉంది. అటెండర్ వెళ్లి తెచ్చేదాకా సారు పాఠం ఆపరు, బోర్డు మీద ఏదో రాస్తూనే ఉంటారు. ఆటలూ అంతే, సామాను వెనకనుంచి తెప్పించుకుంటూనే నడుస్తాయి. కానీ మనిషి తొందరగా నడిస్తే సామాను వెనకబడుతుంది. తలుపు తెరిస్తే గది ఉండదు, రెండు క్షణాలకు గోడలు ఒక్కొక్కటే వచ్చి నిలబడతాయి. మామూలు టీవీ ఆటలో అయితే అటు చూసి నీళ్లు తాగి వస్తాం. డబ్బా కట్టుకున్నవాడు ఎటు చూస్తాడు? చుట్టూ చీకటే. అందుకే లోడింగ్ ఆలస్యం వీఆర్‌లో ఎక్కువ బాధపెడుతుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎస్‌ఎస్‌డీ పెట్టగానే బొమ్మల సంఖ్య పెరగదు. అది గ్రాఫిక్స్ చిప్ పని. ఎస్‌ఎస్‌డీ తీర్చేది ఎదురుచూపునూ, మధ్యలో వచ్చే తడబాటునూ.

ఈ కథలో మన తెలుగాయన ఒకరున్నారు. గోదావరి ఒడ్డు కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి 2015 నుంచి 2017 దాకా ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద. ఆయన హయాంలోనే, 2016 జులైలో, రేడియన్ ప్రో ఎస్‌ఎస్‌జీ అనే కార్డు చూపించారు. గ్రాఫిక్స్ కార్డు మీదనే 1 టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ కూర్చోబెట్టారు. అంటే బీరువాను తెచ్చి క్లాసులోనే పెట్టేశారన్నమాట. సెకనుకు 17 బొమ్మల దగ్గర ఈడుస్తున్న 8కె వీడియో దానిమీద 90 దాటిందని కంపెనీ చెప్పింది. అది ఆటలాడేవాళ్ల కోసం కాదు, సినిమా పనివాళ్ల కోసం. అదే కాలంలో బాహుబలి లోకంలోకి తీసుకెళ్లే 'ద స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అనే వీఆర్ పనిలోనూ ఆర్కా మీడియావర్క్స్‌తో ఏఎండీ చేయి కలిపింది. 2017 ఏప్రిల్‌లో నిటెరో అనే కంపెనీ సాంకేతికతను కూడా ఏఎండీ కొన్నది. నిటెరో పని 60 గిగాహెర్ట్జ్ తరంగాలతో హెడ్‌సెట్ తీగను తీసేయడం.

తీగ ఎందుకంత అడ్డం? చుట్టూ తిరిగి కత్తి దూసే ఆటలో అది కాళ్లకు చుట్టుకుంటుంది. పడకపోయినా, ఆడేవాడి మనసులో సగం తీగ మీదే ఉంటుంది. తీసేద్దామంటే లెక్క కుదరదు. వైవ్ బొమ్మ 2160 బై 1200 చుక్కలు, సెకనుకు 90 సార్లు. కుదించకుండా పంపితే సెకనుకు 560 కోట్ల బిట్లు. మామూలు వైఫై అంత మోయలేదు. 60 గిగాహెర్ట్జ్ మోయగలదు కానీ దానికి చేయి అడ్డం పెట్టినా చాలు, ఆగిపోతుంది. 2018లో హెచ్‌టీసీ ఆ దారిలోనే వైర్‌లెస్ పరికరం తెచ్చింది. తర్వాత 2021లో ఓకులస్ ఎయిర్ లింక్ వేరే దారి పట్టింది. బొమ్మను ముప్పయ్యో వంతు కన్నా చిన్నగా కుదించి 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద పంపుతారు. కుదించడానికి, విప్పడానికి కొన్ని మిల్లీసెకన్లు ఖర్చు. తీగ ఉన్నప్పటి చురుకు కొంత తగ్గుతుంది, కాళ్లకు స్వేచ్ఛ దొరుకుతుంది. నన్నడిగితే ఆ బేరం మంచిదే.

ఇంకొక రకం ఉంది. 2019లో వచ్చిన క్వెస్ట్‌కు కంప్యూటరే అక్కర్లేదు. చిప్పు, మెమరీ, స్టోరేజీ, బ్యాటరీ అన్నీ తల మీదే. బొమ్మలు అంత గొప్పగా ఉండవు, ఛార్జింగ్ రెండు మూడు గంటలకు మించదు. కానీ మన బడికి సరిపడేది ఇదే. తీగ ఉన్న హెడ్‌సెట్, దానికో ఖరీదైన కంప్యూటర్ కొనొద్దని నా మాట.

దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మన ల్యాబులో కంప్యూటర్లకు ఇంకా హార్డ్ డిస్కులే. స్విచ్చు వేసి చాయ్ తాగి వస్తే అప్పటికి తెరుచుకుంటాయి. పీరియడ్‌లో అంత సేపు పిల్లలు ఊరికే కూర్చుంటున్నారు. వాటికి సాటా ఎస్‌ఎస్‌డీలు వేయించండి, పాత యంత్రాలకూ పడతాయి. నిధి తక్కువైతే హెడ్‌సెట్లు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగొద్దు.

మిగిలితే రెండు హెడ్‌సెట్లు చాలు. 10 ఏళ్లు నిండని పిల్లలకు ఇవ్వొద్దు, అది తయారుచేసినవాళ్లు పెట్టిన హద్దే. ఒక్కొక్కరికి ఏడడుగుల చదరం ఖాళీ జాగా ఉండాలి. తొలిరోజుల్లో ఐదు నిమిషాలు దాటనివ్వొద్దు, తల తిరుగుతోందంటే వెంటనే తీసేయాలి. ఫ్యాన్ ఎత్తు కూడా చూడండి, పిల్లలు చేతులు పైకెత్తి ఆడతారు. కంప్యూటర్‌తో కలిపి ఆడించాలంటే రౌటర్‌కు కంప్యూటర్‌ను తీగతోనే కలపండి, గాలిలో పోయేది ఒక్క హెడ్‌సెట్ వరకే ఉండాలి. ఆ రౌటర్ కూడా ఆ గదిలోనే ఉండాలి. హెడ్మాస్టర్ గారి గదిలో కాదు సార్, క్షమించాలి.